ఉద్యోగం పోయినప్పుడు మౌనంగా ఉండకండి, మీకు రావలసింది అడగండి

ఉద్యోగం పోయినవారు చాలామంది మొదట చేసే పని ఆ సంగతి దాచడం. పొద్దున్నే మామూలు వేళకే టిఫిన్ డబ్బా సర్దుకుని ఇంట్లోనుండి బయలుదేరతారు. ఆదివారం మందిరానికి వస్తారు. ఎవరైనా పలకరిస్తే "దేవుని దయవల్ల బాగున్నాం" అని నవ్వుతారు. ఒక నెల అలా గడుస్తుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, బండి వాయిదా ఆగవు కదా! ముందు బంగారం తాకట్టుకు పోతుంది, తర్వాత వడ్డీ అప్పు మొదలవుతుంది. విషయం బయటపడేసరికి మూడు నెలలు దాటిపోతాయి. అప్పటికి కంపెనీ ఇచ్చిన కాగితాల మీద సంతకాలు అయిపోయి ఉంటాయి. తనకు న్యాయంగా రావలసిన డబ్బు కొంత ఉందని, దాన్ని అడిగి తెచ్చుకోవాలని అప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

అమెరికాలో, యూరప్‌లోని చాలా దేశాల్లో ఉన్నట్టు ఉద్యోగం పోయినవారికి సాధారణంగా భృతి ఇచ్చే పద్ధతి మన దేశంలో లేదు. ఎన్నికలప్పుడు మనం వినే "నిరుద్యోగ భృతి" వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం లాంటివి చదువు పూర్తయి ఇంకా పని దొరకని యువత కోసం పెట్టినవి. చేస్తున్న పని పోయినవారి కోసం ఉన్నవి వేరే చోట ఉన్నాయి: ఈఎస్ఐలో, పీఎఫ్‌లో, యజమాని చట్టప్రకారం చెల్లించవలసిన బకాయిలలో. వీటిలో ఏదీ దానంతట అది మన ఖాతాలో పడదు. అడగాలి, కాగితం చూపాలి, సమయానికి చూపాలి.

ఇది ఎవరి డబ్బు?

నెలకు 21,000 రూపాయలు, అంతకు లోపు జీతం ఉన్నవారు ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. వికలాంగులకు ఈ పరిమితి 25,000. ఫ్యాక్టరీలు, దుకాణాలు, హోటళ్లు, ప్రైవేటు ఆసుపత్రులు, ప్రైవేటు పాఠశాలలు, సెక్యూరిటీ ఏజెన్సీలు, ఇలా పదిమంది అంతకు మించి పనిచేసే చోట్ల చాలావరకు ఇది వర్తిస్తుంది. 2019 జూలై నుండి ఉద్యోగి జీతంలో నుండి 0.75 శాతం, యజమాని నుండి 3.25 శాతం ఈఎస్ఐకి చేరుతోంది.

18,000 జీతం తీసుకునే వ్యక్తి విషయంలో లెక్క చూద్దాం. ప్రతి నెలా ఆయన జీతంలో నుండి 135 రూపాయలు కోస్తారు. యజమాని 585 కలుపుతాడు. మొత్తం 720 రూపాయలు ఆయన పేరు మీద జమ అవుతాయి. ఎన్నేళ్లు పనిచేస్తే అన్నేళ్లు ఇలా చందా కట్టినట్టే. జ్వరం వస్తే ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి మందులు తెచ్చుకోవడానికి మనం సిగ్గుపడం. అదే చందాతో నడిచే నిరుద్యోగ సహాయం అడగడానికి మాత్రం, ఎవరి దగ్గరో చేయి చాపుతున్నట్టు వెనకాడతాం. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అది కష్టకాలం కోసం మన చెమటలో నుండి ముందే తీసిపెట్టిన భాగం.

మూడు నెలల సహాయం

ఈఎస్ఐ కార్పొరేషన్ 2018 జూలై 1న "అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన" అనే పథకాన్ని రెండేళ్ల ప్రయోగంగా ప్రారంభించింది. మొదట సగటు సంపాదనలో నాలుగో వంతు ఇచ్చేవారు. 2020లో కోవిడ్ వల్ల లక్షలమంది పని పోగొట్టుకున్నప్పుడు దాన్ని సగానికి పెంచారు. ఉద్యోగం పోయిన 90 రోజుల తర్వాత దరఖాస్తు చేయాలన్న నియమాన్ని 30 రోజులకు తగ్గించారు. ఆ తర్వాత పథకాన్ని పలుమార్లు పొడిగిస్తూ వచ్చారు. కాబట్టి దరఖాస్తు చేసే నాటికి అది ఏ తేదీ వరకు అమల్లో ఉందో ముందుగా బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

అర్హతకు ముఖ్యంగా చూసేవి ఇవి:

- ఉద్యోగం పోవడానికి ముందు కనీసం రెండేళ్లు ఈఎస్ఐ పరిధిలో పనిచేసి ఉండాలి.
- ఈఎస్ఐ లెక్కలో సంవత్సరానికి రెండు చందా కాలాలు ఉంటాయి: ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు ఇంకొకటి. ఉద్యోగం పోవడానికి వెంటనే ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఆ రెండేళ్లలోని మిగిలిన మూడు కాలాలలో కనీసం ఒకదానిలో కూడా 78 రోజులు ఉండాలి.
- దుష్ప్రవర్తన కారణంగా తొలగించబడినవారికి, పదవీ విరమణ చేసినవారికి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి ఇది రాదు.
- ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఈఎస్ఐ నంబరుతో సరిపోవాలి.

ఎంత వస్తుంది? నాలుగు చందా కాలాలలో, అంటే రెండేళ్లలో, సంపాదించిన మొత్తాన్ని 730తో భాగిస్తారు. అది రోజు సగటు. అందులో సగం చొప్పున గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. పైన చెప్పిన 18,000 జీతం వ్యక్తి రెండేళ్లూ ఆగకుండా పనిచేశాడనుకుంటే, మొత్తం 4,32,000. రోజు సగటు సుమారు 592 రూపాయలు. అందులో సగం 296. తొంభై రోజులకు దాదాపు 26,600 రూపాయలు. జీవితకాలం మొత్తం మీద 90 రోజులకే ఈ సహాయం పరిమితం. మధ్యలో మరో ఉద్యోగం దొరికితే అప్పటివరకు ఖాళీగా ఉన్న రోజులకు లెక్కగడతారు.

ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చు. కాని మూడు నెలల ఇంటి అద్దె, బియ్యం, పాలు అప్పు లేకుండా గడిస్తే ఆ కుటుంబానికి దొరికే ఊపిరి చిన్నది కాదు.

దరఖాస్తు ఎలా?

ఈఎస్ఐ కార్డు మీద పది అంకెల ఇన్సూరెన్సు నంబరు ఉంటుంది. ఈఎస్ఐసీ వెబ్‌సైటులో బీమా పొందిన వ్యక్తుల లాగిన్‌లో ఆ నంబరుతో ప్రవేశించి, ఈ పథకం కింద క్లెయిం నింపాలి. ఆధార్ నకలు, బ్యాంకు పాసుబుక్ మొదటి పేజీ సిద్ధంగా ఉంచుకోవాలి. క్లెయిం పంపాక వచ్చే నంబరును రాసి పెట్టుకోండి, ప్రింటు తీసి దాచుకోండి. ఆన్‌లైన్ రానివారు నేరుగా తమ ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అడగవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2526. దరఖాస్తుకు ఈఎస్ఐసీ ఏ రుసుమూ తీసుకోదు. "నేను చేయించి పెడతాను, ఇందులో ఇంత శాతం ఇవ్వండి" అనేవారిని దగ్గరకు రానివ్వకండి. నెట్ సెంటర్లో చేయించుకున్నా, ఫోనుకు వచ్చిన ఓటీపీని మీరే టైపు చేయండి. పని అయ్యాక లాగవుట్ చేయించండి.

క్లెయిములు ఆగిపోయే చోటు తరచుగా ఒకటే: పేరు. మన కుటుంబాలలో ఇది మరీ ఎక్కువ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మం తర్వాత పెట్టుకున్న పేరు ఒకటి, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో ఇంటిపేరు వెనక. పెళ్లయిన స్త్రీలకు పుట్టింటి ఇంటిపేరు ఒక చోట, అత్తింటి ఇంటిపేరు మరో చోట. మనిషి ఒక్కరే అయినా కంప్యూటరుకు ముగ్గురు కనిపిస్తారు. ఉద్యోగంలో ఉండగానే ఈఎస్ఐ, పీఎఫ్, ఆధార్, పాన్, బ్యాంకు, ఈ ఐదింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. యజమాని సంతకంతో సరిచేయవలసిన తప్పులు ఉద్యోగం పోయాక సరిచేయించుకోవడం చాలా కష్టం.

మరొక విషయం. జీతంలో కోత పడినంత మాత్రాన చందా జమ అయినట్టు కాదు. కంట్రాక్టరు కింద పనిచేసేవారు ఇది తప్పక చూసుకోవాలి. ఈఎస్ఐ లాగిన్‌లో చందా వివరాలు, పీఎఫ్ పాసుబుక్ మూడు నెలలకు ఒకసారైనా తెరిచి చూడండి. ఉమంగ్ యాప్‌లో కూడా చూడవచ్చు. కోసిన చందాను జమ చేయకపోవడం నేరం. పే స్లిప్పు చేతిలో ఉంటే ఫిర్యాదు నిలుస్తుంది.

కాగితం మీద ఒక్క మాట తేడా

ఇప్పుడు అసలు ముఖ్యమైన విషయానికి వద్దాం. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా, పనికి సంబంధం లేని ప్రమాదంలో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం పోయినా, ఈఎస్ఐలోనే "రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన" అనే మరో పథకం ఉంది. 2005 ఏప్రిల్ 1 నుండి అమల్లో ఉంది. కనీసం రెండేళ్ల చందా ఉండాలి. దీని కింద గరిష్ఠంగా 24 నెలలు భత్యం వస్తుంది: మొదటి 12 నెలలు సగటు రోజు వేతనంలో సగం, తర్వాతి 12 నెలలు నాలుగో వంతు. ఆ కాలమంతా తనకు, కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది.

అదే 18,000 జీతం లెక్కన చూడండి. మొదటి ఏడు నెలకు సుమారు 9,000, రెండో ఏడు నెలకు సుమారు 4,500. మొత్తం లక్షా అరవై వేలకు పైమాటే. అటల్ పథకంలో వచ్చేది దాదాపు 26,600. ఈ రెండింటికీ మధ్య తేడా చాలాసార్లు ఉద్యోగం పోయిన కారణాన్ని కాగితం మీద ఏమని రాశారన్న దానిలోనే ఉంటుంది.

అందుకే "పనిలేదు, మనుషులను తగ్గిస్తున్నాం" అంటూనే "ఒక రాజీనామా లెటరు రాసివ్వండి, మీ రికార్డు శుభ్రంగా ఉంటుంది, వేరే చోట ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు" అని మెత్తగా అడిగినప్పుడు ఒక రోజు గడువు అడగండి. రాజీనామా ఇచ్చినవారిని చట్టం రిట్రెంచ్ అయినవారిగా చూడదు. ఆ ఒక్క సంతకంతో నోటీసు జీతం, రిట్రెంచ్‌మెంట్ పరిహారం, పైన చెప్పిన రెండేళ్ల భత్యం చేజారిపోవచ్చు. యజమాని ఈఎస్ఐ పోర్టల్‌లో కూడా మీ చివరి పనిదినం, చందా ఆగిన కారణం నమోదు చేస్తాడు. అక్కడ "సర్వీసు వదిలివెళ్లారు" అన్నది ఒక కారణం, "రిట్రెంచ్‌మెంట్" అన్నది వేరే కారణం. ఏది నమోదు చేశారో మర్యాదగానే అడగండి. తొలగింపు ఉత్తర్వు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వకపోతే, ఏ తేదీన ఎవరు ఏమని పనికి రావద్దన్నారో ఈమెయిలులోనో వాట్సాప్‌లోనో మీరే రాసి పంపండి. అది కూడా ఆధారమే.

కొన్నిచోట్ల బకాయి జీతం ఇచ్చేటప్పుడు "నాకు రావలసినవన్నీ ముట్టినవి" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. చదవకుండా పెట్టకండి. నిజంగా ముట్టింది ఎంతో ఆ అంకె రాసి, దాని పక్కనే సంతకం చేయండి.

యజమాని చెల్లించవలసినవి

2025 నవంబరు 21న దేశంలో నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. వాటిలో పని పోయినవారికి సంబంధించినవి కొన్ని గుర్తుంచుకోవాలి.

తొలగించినా, రిట్రెంచ్ చేసినా, రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా, రావలసిన జీతం రెండు పనిదినాలలో చెల్లించాలి. వచ్చే నెల పదో తేదీకి రమ్మనడం కుదరదు.

సంవత్సరం పాటు నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే, నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. దీనికి అదనంగా, కొత్త పని నేర్చుకోవడానికి సహాయంగా 15 రోజుల వేతనం పునర్నైపుణ్య నిధి ద్వారా 45 రోజుల లోపు కార్మికుని ఖాతాలో పడాలి.

ఐదేళ్లు పూర్తిచేసినవారికి గ్రాట్యుటీ వస్తుంది. ఇది రాజీనామా చేసినా వస్తుంది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన సంవత్సరాలతో హెచ్చించాలి. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే వేతనం 15,000 ఉండి ఆరేళ్లు పనిచేసినవారికి దాదాపు 51,900 రూపాయలు. నిర్ణీత కాలానికి ఒప్పందం మీద చేరినవారికి కొత్త స్మృతి ప్రకారం ఒక సంవత్సరం పనిచేసినా గ్రాట్యుటీ ఉంటుంది. ఇవ్వకుంటే కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు ఇచ్చినట్టు ముద్ర వేసిన నకలు తీసుకోండి.

పీఎఫ్ విషయంలో తొందరపడకండి

ఉద్యోగం పోగానే అందరి మనసూ పీఎఫ్ మీదికి వెళ్తుంది. అది మీ డబ్బే. కాని అది ముసలితనం కోసం దాచినది, కాబట్టి ముందు అడగవలసిన సహాయాలు అడిగాక దాన్ని ముట్టుకోవడం మంచిది.

ఎన్నో ఏళ్లుగా ఉన్న నియమం ప్రకారం, నెల రోజులు పని లేకుండా ఉంటే 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతాది తీసుకోవచ్చు. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది. దాని ప్రకారం 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతా 25 శాతానికి 12 నెలలు, పింఛను సొమ్ము వెనక్కి తీసుకోవడానికి 36 నెలలు ఆగాలి. దరఖాస్తు చేసేనాడు ఏ నియమం నడుస్తోందో కార్యాలయంలో కనుక్కోండి.

ఎక్కువ నష్టం జరిగేది పింఛను దగ్గర. పీఎఫ్‌తో పాటు నడిచే పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు పనిచేసి, అవసరం కొద్దీ ఆ సొమ్ము కూడా తీసేసుకుంటే, ఆ సంవత్సరాలన్నీ లెక్కలో నుండి పోతాయి. తర్వాత కొత్త ఉద్యోగంలో మళ్లీ ఒకటి నుండి మొదలు. దానికి బదులు ఫారం 10సీ ద్వారా స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే పాత సంవత్సరాలు కొత్తవాటితో కలుస్తాయి. ఈ ఒక్క మాట తెలియక పింఛను పోగొట్టుకున్నవారు ఎందరో.

ఐదేళ్ల నిరంతర సర్వీసు లేకుండా పీఎఫ్ మొత్తం తీసుకుంటే ఆదాయపు పన్ను పడవచ్చు. మొత్తం 50,000 దాటితే పన్ను ముందే కోస్తారు. పాన్ జత చేయనివారికి కోత ఇంకా ఎక్కువ. పన్ను పరిధిలోకి రానివారు ఆ సంగతి తెలిపే ప్రకటన ఫారం ఇవ్వవచ్చు. పాత కంపెనీ మీరు మానేసిన తేదీని పోర్టల్‌లో నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు. పని తెమలకపోతే, ప్రతి నెలా 27న జిల్లాలలో జరిగే "నిధి ఆప్కే నికట్" శిబిరానికి కాగితాలతో వెళ్లండి.

వైద్యం వెంటనే ఆగదు

ఉద్యోగం పోయిన మరునాడే ఈఎస్ఐ కార్డు పనికిరాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఏప్రిల్–సెప్టెంబరు కాలంలో 78 రోజుల చందా ఉంటే దానికి ఫలం వచ్చే జనవరి నుండి జూన్ వరకు. అక్టోబరు–మార్చి చందాకు ఫలం జూలై నుండి డిసెంబరు వరకు. ఆగస్టు చివర్లో పని పోయినవారికి కూడా వచ్చే జూన్ వరకు వైద్యం అందే అవకాశం ఉందన్నమాట. ఇంట్లో గర్భిణీ స్త్రీ, షుగరు, బీపీ మందులు వాడే పెద్దవారు ఉంటే ఇది తెలిసి ఉండడం చాలా అవసరం. హైదరాబాదు సనత్‌నగర్‌కో, విశాఖ మల్కాపురానికో, మీ ఊరి డిస్పెన్సరీకో వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో అర్హత తేదీ చూసుకోండి.

గల్ఫ్‌లో ఉన్నవారికి

గోదావరి జిల్లాల నుండి, కడప నుండి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి ఎందరో గల్ఫ్‌లో ఉన్నారు. వారిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో పనిచేసేవారికి 2023 జనవరి నుండి నిరుద్యోగ బీమా తప్పనిసరి అయింది. మూలవేతనం 16,000 దిర్హాముల లోపు ఉంటే నెలకు 5 దిర్హాముల చందా. ఉద్యోగం పోతే మూలవేతనంలో 60 శాతం, నెలకు 10,000 దిర్హాములు మించకుండా, మూడు నెలల వరకు ఇస్తారు. కాని మూడు షరతులున్నాయి. కనీసం 12 నెలలు ఆగకుండా చందా కట్టి ఉండాలి. రాజీనామా వల్లగాని, క్రమశిక్షణ చర్యవల్లగాని పోయిన ఉద్యోగం కాకూడదు. పని పోయిన 30 రోజుల లోపు క్లెయిం చేయాలి. ఈ గడువు తెలియక చాలామంది టికెట్టు కొనుక్కుని ఇంటికి వచ్చేస్తారు. మీ బిడ్డ అక్కడ ఉంటే ఈరోజే ఫోనులో చెప్పండి. ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు మాత్రం ఈ బీమా వర్తించదు.

పరిధిలో లేనివారి సంగతి

21,000 దాటిన జీతంతో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈఎస్ఐ భత్యం లేదు. పదిమంది లేని చిన్న దుకాణంలో పనిచేసేవారికి, మేస్త్రీ కింద కూలికి వెళ్లేవారికి, సొంత ఆటో నడుపుకొనేవారికి కూడా లేదు. మన సంఘాలలో సగం మంది ఇలాంటివారేనన్నది మరువరాదు. వారి విషయంలో చట్టం చేయవలసింది ఇంకా చాలా ఉంది. అందాకా ఆ భారం బంధువుల మీద, పొరుగువారి మీద, సంఘం మీద పడుతోంది.

సంఘం ఏమి చేయగలదు?

మందిరంలో ఉద్యోగాల కోసం ప్రార్థన చేస్తాం. అది ఆగకూడదు. దానితో పాటు, ఈఎస్ఐ, పీఎఫ్ పనులు తెలిసినవారు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉంటారు: అకౌంట్స్‌లో పనిచేసే అన్న, హెచ్ఆర్‌లో ఉన్న చెల్లి, రిటైరైన గుమస్తాగారు. నెలలో ఒక ఆదివారం ఆరాధన తర్వాత గంటసేపు వారు ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు. ఎవరి పేరూ బయటకు చదవనక్కర లేదు. కాగితాలు చూసి, ఏది ఎక్కడ అడగాలో చెప్పి, అవసరమైతే బ్రాంచి ఆఫీసుకు తోడుగా వెళ్తే, వేల రూపాయలు ఇచ్చినదానికంటే మేలు జరుగుతుంది. ఆఫీసుల మెట్లు ఎక్కడానికి జంకేవారికి పక్కన ఒక మనిషి ఉండడమే సగం ధైర్యం.

ద్రాక్షతోట ఉపమానంలో సాయంకాలం వరకు అంగడివీధిలో నిలిచి ఉన్నవారు సోమరులు కారు. వారిని పనికి పిలిచినవారు లేరు, అంతే. తోట యజమాని వారిని నిందించలేదు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగడానికి కావలసింది వారి చేతికి ఇచ్చి పంపాడు. పని పోయిన సహోదరుణ్ణి చూసే మన చూపు కూడా అలాగే ఉండాలి. "ఏం తప్పు చేశావు?" అని అడిగే ముందు "ఏ కాగితాలు ఇచ్చారు? ఏ తేదీన ఆపారు?" అని అడుగుదాం.

పని పోయినవారికి చివరిగా ఒక మాట. ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. రేపు పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటరు, ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు ఒక ఫైలులో పెట్టండి. ఉద్యోగం పోయిన తేదీని దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి. ముప్పై రోజులు ఆ తేదీ నుండే లెక్క.